మళ్లీ అదే చోట

నాన్నా,

ఈ ఉదయం తమ్ముడు మెట్లు దిగుతూ ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించాడు. మన పుప్పాలగూడ ఇంటి మెట్లను వాడు ఎప్పుడూ రెండేసి చొప్పున దూకేవాడు.

ఇవాళ నీ మూడో మాసికం. నిన్న పరుగు సగంలో వాడి తొడ వెనక కండ మళ్లీ తెగింది, నువ్వుండగా తెగిన చోటే. పోలీసు ఉద్యోగాలకు క్రీడాకారుల ఎంపిక వచ్చే వారమే.

నేను ఆఫీసుకు సెలవు పెట్టి వాడిని ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాను.

"నొప్పి లేదని ఉరికిన సార్," అన్నాడు తమ్ముడు.

"నొప్పి ముందుగాల పోతది బిడ్డా, బలం ఆఖరుకు వస్తది," అన్నాడాయన. "అతుక్కున్న కాడ కండ మునుపటి లెక్క సాగదు. జోరుగ ఉరికేటప్పుడు కాలు ముందుకు చాపుతవు సూడు, బరువంత గప్పుడే దాని మీద పడతది. నడిస్తే తెల్వది."

"మరి ఎంపిక?" అని అడిగాను.

"ఈ ఏడు మర్చిపో."

వచ్చే ఏటికి ఆ ఉద్యోగానికి వాడి వయసు దాటిపోతుంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

"మోకాళ్ల మీద నిలవడి, మెల్లగ ముందుకు వాలే కసరత్తు చెప్పిన గద. ఎందుకు బంద్ జేసినవ్?"

తమ్ముడు కిటికీలోంచి ఫ్లైఓవర్ వైపు తల తిప్పాడు.

ఆ కసరత్తులో ఎవరో ఒకరు వెనక కూర్చుని మడమలు నొక్కిపట్టాలి. రోజూ పొద్దున ఆ పని నువ్వు చేసేవాడివి. నువ్వు పోయాక వాడు అందుకు ఇంకెవరినీ పిలవలేదు.