భోజనాల గదిలో కిటికీ

ఆదివారం రాత్రి, స్విండన్

బార్లీ మొలకెత్తించి మాల్ట్ చేసిన వ్యాపారి కట్టించిన పాత ఇల్లు చూసొచ్చాం. ముందంతా రాతి స్తంభాలు, రంగుటద్దాలు. భోజనాల గదిలో మాత్రం ఒక చిన్న కిటికీ ఉంది. అది పక్కనున్న మాల్ట్ షెడ్డులోకి తెరుచుకుంటుంది. దొర తింటూనే, కింద బార్లీ తిరగేసే కూలీల్లో ఎవరు నడుం వాల్చారో చూసేవాడట. ఛీ, ముద్దెలా దిగేదో!

"మంచిగ కట్టిండు కదా! కూసున్న కాడ్నుంచే అందర్ని చూడొచ్చు," అన్నారు మా ఆయన, ముచ్చటపడి.

ఇంటికొచ్చి టీ పెడుతుంటే పైగదిలోంచి ఆయన అరుపు: "పాలు పొంగుతున్నయ్, చూస్కో!"

బాబు కోసమని వంటింట్లో కెమెరా పెట్టించారు. బాబు బడికెళ్లే వయసొచ్చినా తీయలేదు.

దాని మీద మసిగుడ్డ కప్పేశాను.