పొడుగు పిల్లల జీతం

తమ్ముడూ,

ఆశీస్సులు ముందే రాసేస్తున్నాను. ఉత్తరం చివరికి వచ్చేసరికి ఇచ్చే ఓపిక ఉంటుందో లేదో.

నువ్వు పంపిన ప్రశ్నావళి అందింది. "ఉపాధ్యాయుల జీతాల్లో తేడాలు: ప్రాంతం, అనుభవం, చదువు" అని పైన లావుపాటి అక్షరాలు. నువ్వు మీ కాలేజీలో కూర్చుని నివేదిక రాస్తావట, దానికోసం నేను ఇక్కడ గళ్ళలో టిక్కులు పెట్టాలట. పెట్టాను. ప్రాంతం: మారుమూల. అనుభవం: పంతొమ్మిదేళ్ళు. చదువు: డిగ్రీ, టీచర్ ట్రైనింగు. మూడు టిక్కులతో అక్కయ్య పని అయిపోయిందనుకోకు. గళ్ళలో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను, నువ్వు చదివి తీరాలి.

ముందు ప్రాంతం సంగతి. మీ నగరంలో అద్దెలు ఎక్కువని మీకు నగర భత్యం ఇస్తారు. మా కొండ మీద బతుకు చవక కాబట్టి మాకేమీ అక్కర్లేదట. ఆ మాట అన్న మహానుభావుడు ఒక్కసారి వచ్చి ఇక్కడ గ్యాస్ సిలిండర్ కొనాలి. బండి కొండెక్కినందుకు దానికి వేరే కిరాయి. కూరగాయలకీ అంతే, మందులకీ అంతే. కొండ దిగి వెళ్ళి ఈ మాట చెబుదామంటే బస్సు రోజుకి రెండుసార్లే.

ఇక అనుభవం. ఏడాదికోసారి జీతం పెరుగుతుంది, నిజమే. ఆ పెరిగిన దాంతో ఒక జత చెప్పులొస్తాయి, అదీ చిన్నపిల్లల సైజువి. పదిహేనో ఏడు దాటాక అదీ ఆగిపోయింది. పై చదువు లేకపోతే అంతకు మించి పెంచరట. అంటే నాకు పదిహేనేళ్ళ వరకే పని వచ్చిందనీ, ఆ తర్వాత కొత్తగా ఏమీ రాలేదనీ వాళ్ళ లెక్క.

చదువు గురించి చెప్పాలంటే మా కొత్త పంతులమ్మ గురించి చెప్పాలి. ఎం.ఏ. చేసి నేరుగా వచ్చింది, నాలుగో తరగతి చెబుతుంది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా బడిలో అందరి కాగితాలూ నా చేతే రాయిస్తారు కదా, ఆ అమ్మాయి జీతం ఫారం కూడా నేనే నింపాను. నాకంటే ఎక్కువ. ఆ అంకె నా చేత్తోనే గుండ్రంగా రాశాను. రాసిన అరగంటకి ఆ పిల్ల ఏడుపు మొహంతో వచ్చి "అక్కా, వీళ్ళని కూర్చోబెట్టడం ఎలాగో చెప్పవా?" అంది. వెళ్ళి కూర్చోబెట్టాను. మంచి పిల్ల, కోప్పడదామన్నా కుదరదు.

నీ ప్రశ్నావళిలో లేని గడి ఒకటుంది. ఏ తరగతికి చెబుతారు? అసలు తేడా అంతా అక్కడే ఉంది. పిల్లలు పొడుగయ్యేకొద్దీ జీతం పొడుగవుతుంది. ఒకటో తరగతికి అందరికంటే తక్కువ, ఎందుకంటే అది పాటలు పాడించే పని కదా! పెన్సిలు పట్టుకోలేని వేళ్ళని ఒక్కొక్కటిగా మడిచి పెట్టడం, ఎడమచేతివాడిని పక్కవాడి మోచెయ్యి తగలకుండా చివర కూర్చోబెట్టడం, అమ్మ కావాలని గుమ్మం పట్టుకుని వేలాడేవాణ్ణి నెలరోజుల్లో బల్ల దాకా తేవడం, ఇవన్నీ పాటలు. మొన్న ఒకడు సబ్బు కాగితం మీది అక్షరాలు కూడబలుక్కుని, అదిరిపడి, "టీచర్, ఇది మాట్లాడుతోంది!" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, నాలుగేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉంది. పిన్ని కూతురి పెళ్ళిలో, భోజనాల దగ్గర, మీ ప్రొఫెసర్ల ముందు నన్ను చూపించి నువ్వేమన్నావో గుర్తుందా? "మా అక్క పదిహేనేళ్ళుగా ఒకటో తరగతిలోనే ఉంది, ఇంకా పాసవ్వలేదు" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత చేతులు కడుక్కునే వంకతో వెళ్ళి చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడ్డాను.

ఆ ఏడాదే దూరవిద్యలో ఎం.ఏ.కి కట్టాను. మీ బావకి తప్ప ఎవరికీ తెలియదు. మధ్యలో ఒక పేపరు తప్పాను, మళ్ళీ రాశాను. ఫలితాలు ఈ నెలలో వస్తాయి. నీ నివేదికలో రాసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం.

మీ అక్క

*

తమ్ముడూ,

పాసయ్యాను. ఫస్ట్ క్లాసు. సంతోషం సరిగ్గా రెండు రోజులు నిలిచింది.

మూడో రోజు, నేను పంపిన మార్కుల జాబితాకి జవాబుగా, విద్యాశాఖ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పై చదువుకి పై జీతం ఇస్తారట, కానీ ఆ జీతానికి ఒకటో తరగతిలో పోస్టు లేదట, మా బడిలో ఉన్న ఒక్కటీ కొత్త పంతులమ్మకి పోయిందట. కొండ దిగి టౌన్లో హైస్కూలుకి వెళ్ళాలి. పదిహేను రోజుల్లో చేరకపోతే హక్కు వదులుకున్నట్టే, మళ్ళీ అడగకూడదు. అంటే బాగా చెప్పడం వచ్చినవాళ్ళని చిన్నపిల్లల దగ్గర ఉంచకూడదని రూలు! ఇది రాసినవాడికి చిన్నప్పుడు ఎవరు చదువు చెప్పారో కనుక్కోవాలి.

హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించి మాట్లాడారు. "మీరు వెళ్ళిపోతే పిల్లలు ఏమైపోతారమ్మా? మీరు డబ్బు కోసం పనిచేసే మనిషి కాదు కదా."

"మీరూ కాదు కదా సార్. అయితే మీ జీతం కూడా నాకే ఇప్పించండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాపం, మంచి మనిషే. నా స్థానంలో ఎవరినైనా ఇమ్మని వెంటనే అర్జీ పెడతానని మాట ఇచ్చారు.

అది చాలదన్నట్టు నీ ఉత్తరం వచ్చింది. పెళ్ళిలో అన్న మాటకి క్షమించమన్నావు. సరే, క్షమించాను, అది అయిపోయింది. కానీ ఆ కిందే "నీలాంటివాళ్ళ విలువ జీతంతో కొలిచేది కాదక్కా, నువ్వు అక్కడే ఉండిపో, నీది గొప్ప సేవ" అని రాశావు చూడు, అది చదివి కాగితం ఉండచుట్టి గోడకేసి కొట్టాను. మీ బావ బట్ట కత్తిరిస్తున్నవాడల్లా ఉలిక్కిపడ్డాడు. నాకంటే మూడు రెట్లు జీతం తీసుకుంటూ, తొమ్మిదేళ్ళు చిన్నవాడివి, డబ్బు ముఖ్యం కాదని నాకు చెబుతావా? నీ విలువ కూడా కొలిచేది కాదనుకో. మరి ప్రతి ఏడాదీ ఎందుకు కొలిపించుకుంటున్నావు?

మీ బావనే అడిగాను, ఏం చెయ్యమంటావని.

"నీకు వెళ్ళాలని ఉందా?"

"జీతం చూస్తే ఉంది. పిల్లల్ని చూస్తే లేదు."

"మరి జీతం పిల్లలకి రాదుగా, నీకు వస్తుంది. పద. మిషను ఎక్కడైనా కుడుతుంది" అన్నాడు.

వెళ్తున్నాను. త్యాగం చేసింది అని అందరూ చెప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను. నిన్న పిల్లలకి చెబితే, ముందు బెంచీ పిల్ల "హైస్కూలు వాళ్ళకి చదవడం రాదా టీచర్?" అని అడిగింది. వచ్చు అన్నాను. "మరి మాకు రాదు కదా" అంది. సుద్దముక్కల డబ్బా సర్దుకుంటున్నట్టు అటు తిరిగాను. ఏడ్చాను, ఇందులో దాచేదేముంది.

మీ అక్క

*

తమ్ముడూ,

నీ నివేదిక అచ్చయిందని తెలిసింది, సంతోషం. నేను చేరి మూడు నెలలైంది. స్టాఫ్ రూములో నాకో బీరువా, దానికో తాళంచెవి. జీతం నిజంగానే పెరిగింది. మొదటి నెల స్లిప్పు మీ బావా నేనూ ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చూసుకున్నాం. అది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

నాకు తొమ్మిదో తరగతి ఇచ్చారు. మొదటివారం పాఠం చదవమంటే ఒక్కొక్కళ్ళకి దగ్గొచ్చింది, ఒకడికి కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది, ఒకతెకి గొంతు పోయింది. పంతొమ్మిదేళ్ళు ఒకటో తరగతి చెప్పినదాన్ని, నా దగ్గరా ఈ వేషాలు? విడివిడిగా పిలిచి చూశాను. నలభై మందిలో పదకొండు మందికి చదవడం రాదు. చివరి బెంచీలో నాకంటే జానెడు ఎత్తున్నవాడు ఒకడున్నాడు. బోర్డు మీది ప్రతి అక్షరాన్నీ ముత్యంలా దించుతాడు. దాన్ని చదవమంటే నేల చూస్తాడు. ఎనిమిదేళ్ళుగా వాడు బొమ్మలు గీస్తున్నాడు, అందరూ నోట్సు అనుకుని మార్కులు వేస్తున్నారు.

పక్క టీచర్లని అడిగితే "అది మన పని కాదండీ, కింది నుంచే అలా వస్తారు" అన్నారు. వాళ్ళకి సిలబస్ పూర్తిచెయ్యకపోతే మెమో. నేను ఆ పదకొండు మందినీ గంట ముందుగా రమ్మన్నాను. సైన్సు గది తలుపు వేసి, మీసాలొస్తున్నవాళ్ళ చేత గుణింతం చదివిస్తున్నాను. కొండ మీద చెప్పిన పాఠమే, అదే గొంతు. ఇక్కడ దానికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నారు.

హెడ్మాస్టరు గారు ఉత్తరం రాశారు. నా స్థానంలో ఇంకా ఎవరినీ వెయ్యలేదట. ఆ జీతానికి కొండెక్కేవాళ్ళు దొరకలేదట. ఒకటో తరగతి పిల్లలు కొత్త పంతులమ్మ నాలుగో తరగతి గదిలో, గోడవారగా కూర్చుంటున్నారట. "మీరేమీ బాధపడకండి, చప్పుడు చెయ్యకుండా ఉంటున్నారు" అని రాశారు. చప్పుడు చెయ్యకుండా ఉండే ఒకటో తరగతిని నేనెప్పుడూ చూడలేదు.

ఇవాళ పొద్దున్న ఆ పొడుగువాడు మొదటిసారి ఒక వాక్యం మొత్తం తనంతట తానే చదివాడు. చెమటలు కక్కాడు. పక్కవాళ్ళు బల్లలు చరిచారు. నాకూ సంతోషం పట్టలేక, "ఇంత తెలివైనవాడివి, ఇన్నేళ్ళూ ఎలా వదిలేశారురా నిన్ను? ఒకటో తరగతిలో నీకు టీచరే లేదా?" అన్నాను.

"ఉండేది టీచర్. చాలా బాగా చెప్పేది. మధ్యలో ప్రమోషనొచ్చి వెళ్ళిపోయింది" అన్నాడు.

తప్పు పట్టినట్టు కాదు, అడిగానని చెప్పాడు. తర్వాతి వాక్యం ఎక్కడుందో వేలితో వెతుక్కుంటున్నాడు. వాడికి ఆవిడ మీద కోపం లేదు. నాకుంది. ఆవిడ మీద అనడానికి మాత్రం నోరు రావడం లేదు.

మీ అక్క