హాజరైన సర్పంచి, సరిపోలని సంతకం

శ్రీయుత జిల్లా పంచాయతీ అధికారి గారి సముఖమునకు,

గుమ్మడిలంక గ్రామ సర్పంచి అని తమ రికార్డులలో నమోదై, కువైట్ దేశం సబా అల్ సలేంలో ఒక ఇంటి వంటగది పక్క గదిలో నివాసముంటున్న గుత్తుల సత్యదుర్గ, బి.ఎస్సీ. (జంతుశాస్త్రం), వ్రాసుకొను అర్జీ.

విషయం: నా సంతకం నా సంతకంతో సరిపోలడం లేదను కారణంపై మా గ్రామమునకు పడవ నిరాకరించుట గురించి.

అయ్యా,

1. గుమ్మడిలంకకు నాలుగు వైపులా గోదావరి కలదు. వంతెన లేదు. ఊరికి ఉన్నది ఒక్కటే పడవ. అది మా ఆస్పత్రి, మా బడి, మా రేషను షాపు, మా పోలింగు కేంద్రం కూడా. ఎందుకనగా అవన్నీ అవతలి గట్టున కలవు. ఇంత చిన్న ఊరిలో ఎగువ రేవు వారు, దిగువ రేవు వారు అని రెండు వర్గములు కలవు. ఈ రెండు వర్గములు గోదావరి ఏ దిక్కుకు పారుతున్నదను విషయంలో కూడా ఇంతవరకు ఏకాభిప్రాయమునకు రాలేదు.

2. గత ఎన్నికలలో సర్పంచి పదవి మహిళలకు కేటాయించడమైనది. ఎగువ వారు పెట్టిన మనిషిని దిగువ వారు, దిగువ వారు పెట్టిన మనిషిని ఎగువ వారు ఒప్పుకోలేదు. చివరకు ఊళ్ళో లేని మనిషైతే ఎవరికీ అడ్డు రాదని ఉభయులూ అంగీకరించి, అప్పటికి ఆరు నెలలుగా కువైట్‌లో ఉన్న నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకొనినారు. నామినేషను నేను వేయలేదు. ప్రమాణం నేను చేయలేదు. ఊరేగింపులో నాకు బదులు నా కాలేజీ ఫొటోకు దండ వేసినారట. ఫొటోకు దండ వేస్తే అర్థం వేరే ఉంటుందని మా అమ్మ ఏడ్చినదట. తరువాత అసలు సంగతి చెప్పినా ఆపలేదట.

3. ఈ సంగతి నాకు తెలిసినది ఎనిమిది నెలల తరువాత, ఇక్కడే కువైట్‌లోని ఖైతాన్ పేటలో. శుక్రవారం సెలవునాడు నేను మా ఊరి పాపాయమ్మ పిన్ని గదికి వెళ్ళుట అలవాటు. ఆ రోజు నన్ను చూసి ఆమె మంచం మీద నుంచి లేచి నిలబడినది. "ఏంటి పిన్నీ, లేచావేంటి?" అంటే, "సర్పంచి గారొత్తే కూకుంటానేంటే, బాగోదు కదా" అన్నది. ఎగతాళి అనుకొన్నాను. అక్కడికక్కడే మా మేనమామ చినబాబు గారికి ఫోను చేసినాను.

"ఆయ్, నిజమేనే అమ్మడూ," అన్నారు మావయ్య. "నువ్వు గెలిచావు."

"ఎవరి మీద గెలిచానండీ?"

"అందరి మీదానూ. నీకు పోటీయే లేదు."

"మరి నాకు చెప్పలేదేంటండీ?"

"చెప్తే వద్దంటావని. చదువుకున్నదానివి కదా."

4. పదవి అక్కరలేదని గ్రామసభలోనే చెప్పెదనని పట్టుబట్టగా, తరువాతి సభను ఫోనులో పెట్టినారు. ఆ వేళకు నేను ఇక్కడ ఇస్త్రీ చేస్తున్నాను. ఫోను ఏప్రాను జేబులో, తీగ చెవిలో. ఇచ్చట ఒక విషయం తమరికి విన్నవించుకొనవలసి ఉన్నది. ఈ దేశంలో పనిచేసే ఇంటి యజమానురాలిని మేము మామా అని పిలుస్తాము. ఆమె పిలిచినప్పుడు 'హాదిర్, మామా' అనవలెను. అనగా చిత్తం, వచ్చుచున్నాను అని.

పంచాయతీ కార్యదర్శి గారు గొంతు సవరించుకొని, "సర్పంచి గారు సభకు వచ్చినట్టేనాండీ?" అని అడిగినారు. సర్పంచి లేదు, ఏమీ లేదు అని చెప్పుటకు నేను నోరు తెరిచినాను. సరిగ్గా అప్పుడే పై అంతస్తు నుండి మామా "దుర్గా!" అని కేక వేసినది. నా నోరు దానంతట అదే "హాదిర్, మామా!" అన్నది.

అక్కడ మా మావయ్య చప్పట్లు కొట్టినారు. "విన్నారా? హాజర్ మామా అంటంది! మేనకోడలంటే అదీ!"

పిమ్మట కార్యదర్శి గారు తీర్మానం చదివి, "అయితే ఇది అయిపోయినట్టేనాండీ?" అన్నారు. మెట్ల మీద నుంచి మామా బట్టల సంగతి అడిగినది. "ఖలాస్, మామా, ఖలాస్!" అన్నాను. ఫోను పెట్టేసి చూసుకుంటే ఇంటి యజమాని తొడిగే తెల్లటి పొడుగు అంగీ, దిష్దాషా మీద ఇస్త్రీపెట్టె మచ్చ.

మినిట్సు పుస్తకం ఫొటో మావయ్య నాకు పంపినారు. అందులో ఇట్లు కలదు: "సర్పంచి గారు హాజరైనారు. సదరు అంశమును క్షుణ్ణంగా పరిశీలించి ఖలాస్ అని సెలవిచ్చినందున ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." సదరు అంశం ఏమనగా, సర్పంచి గారు కూర్చొనుటకు చక్రాల కుర్చీ, గుండ్రంగా తిరిగే రకం, ఒకటి కొనుట.

5. ఆ కుర్చీని అవతలి గట్టు నుండి మా పడవలో తెచ్చినారు. నది మధ్యకు వచ్చేసరికి కుర్చీకి చక్రములు ఉన్న విషయం అందరికీ గుర్తుకు వచ్చినది. అది ఆ చివరి నుంచి ఈ చివరికి దొర్లినది. ఆపబోయి మావయ్య దాని కింద పడినారు. వారి కుడి చెయ్యి మణికట్టు వద్ద విరిగినది. పడవ అడుగు చెక్క పగిలినది. కుర్చీకి ఏమీ కాలేదు. అది ప్రస్తుతం పంచాయతీ కార్యాలయంలో ప్లాస్టిక్ కాగితం తీయకుండానే కలదు. ఎగువ వారు కూర్చుంటే దిగువ వారికి కోపం.

6. నాటి నుండి పడవ అడుగున గోనెసంచి కుక్కి, తారు పూసి నడుపుతున్నారు. ఒకరు తెడ్డు వేస్తుండగా ఎక్కిన వారందరూ నీళ్ళు తోడవలెను. మా అక్క బేబికి ఇప్పుడు ఎనిమిదో నెల. బీపీ ఎక్కువ ఉన్నది, నొప్పులు మొదలైతే గంటలో తీసుకురండి అని అవతలి గట్టు డాక్టరమ్మ చెప్పినది. పరీక్షకు వెళ్ళి వచ్చిన సాయంత్రం అక్క నాతో ఫోనులో నవ్వుతూ, "నేను కడుపుతో ఉన్నానని నాకు చిన్న చెంబు ఇచ్చారే," అన్నది. నేను నవ్వలేదు. అక్క కూడా కాసేపటికి మానేసినది. "గోదారికి వరద ఎర్రనీరు వచ్చే రోజులే కదే నాయి కూడా," అన్నది.

7. అందుచేత కొత్త పడవ కొరకు తీర్మానం వ్రాయించినారు. దాని మీద సంతకం కొరకు మావయ్య నాకు ఫోను చేసినారు.

"అమ్మడూ, ఈ ఒక్కదానికీ నువ్వే పెట్టెయ్యవే."

"ఏంటండీ పెట్టేది?"

"నీ సంతకం."

"మరి ఇన్నాళ్ళూ ఎవరు పెట్టారండీ?"

"నేనేనే. దూరాభారం కదా, నీకెందుకు శ్రమని." ఆపై, "ఎడం చేత్తో ప్రయత్నించానమ్మా. ముగ్గులాగా వత్తంది," అన్నారు.

ఆ తీర్మానం ఫోనులో తెప్పించుకొని, ప్రింటు తీయించి, నా పదవీకాలంలో మొట్టమొదటి నిజమైన సంతకం దాని మీద చేసినాను. సెలవుపై ఊరు వెళ్ళుచున్న అయ్యప్ప గారు, ఖైతాన్‌లో ఏసీలు బాగుచేసే మా ఊరి మనిషి, దానిని బనీనులో పెట్టుకొని తీసుకుపోయి తమ కార్యాలయంలో ఇచ్చినారు. పదిహేను రోజులకు జవాబు వచ్చినది: "సర్పంచి సంతకం దస్త్రంలోని నమూనాతో సరిపోలనందున తిరస్కరించడమైనది. సర్పంచి స్వయంగా హాజరు కావలెను."

8. అయ్యా, కుర్చీ కొనుటకు నేను హాజరైనాను. అంతకుముందు పదమూడు సభలకు హాజరైనాను. ఒక సభలో పారిశుద్ధ్యంపై నలభై నిమిషాలు ప్రసంగించినాను. ఆ ప్రసంగం చదివినాను, బాగున్నది. నేను లేని అన్ని చోట్లా నన్ను ఉన్నట్లు అంగీకరించిన తమ కార్యాలయం, నేను ఉన్న ఒక్క చోట నన్ను లేనట్లు పరిగణించుట ఏ నిబంధన ప్రకారమో తెలుపగోరుచున్నాను.

9. కోపంతో రాజీనామా పంపినాను. అది కూడా తిరిగి వచ్చినది. సంతకం సరిపోలలేదట. ఈ విధంగా నేను పదవిలో ఉండుటకు గాని, దిగుటకు గాని, మావయ్య చెయ్యి అతుక్కొనవలసి ఉన్నది. డాక్టరు ఇంకా రెండు నెలలు అన్నారు. అక్కకు ఏడు వారాలే ఉన్నవి.

10. స్వయంగా వచ్చుటకు సెలవు అడిగినాను. ఎందుకని మామా అడిగినది. ఊరికి పెద్దను అని నాకు వచ్చిన అరబ్బీలో చెప్పినాను. "ముఖ్తారా? నువ్వా?" అని ఆమె చాలాసేపు నన్ను తేరిపార చూసి, స్నేహితురాలికి ఫోను చేసి మా ఇంట్లో ముఖ్తార్ ఉన్నదని చెప్పినది. ఆ రోజు నుంచి ఇంట్లో నా గౌరవం పెరిగినది. "ముఖ్తార్, యల్లా, సోఫా కింద కూడా ఊడ్వు," అంటున్నది. సెలవు మాత్రం రంజాను పోయిన తరువాతనే. నా ఇఖామాలో, అనగా ఇక్కడి నివాస కార్డులో, వృత్తి ఇంటిపని అని ఉన్నది, తమ రికార్డులో ప్రజాసేవ అని ఉన్నది. రెండూ ఒకటేలే అని పాపాయమ్మ పిన్ని అంటున్నది. కాదని చెప్పుటకు నాకు ఒక్క పడవ కావలెను.

కావున తమరు దయయుంచి, ఈ అర్జీ క్రింద చేసిన సంతకమును తమ దస్త్రంలోని నమూనాతో పోల్చి చూసుకొని, ఎర్రనీరు రాకముందే గుమ్మడిలంకకు ఒక పడవ మంజూరు చేయవలెనని కోరుచున్నాను. దొంగ సంతకముల విషయమై మా మావయ్యపై తీసుకొనదలచిన చర్య, నేను అనుభవించవలసిన శిక్ష, అన్నీ పడవ వచ్చిన మరునాటి నుండి మొదలుపెట్టవచ్చును. అప్పుడు విచారణకు వచ్చే అధికారులకు కూడా ఆ పడవే ఉపయోగపడును.

చిత్తగించి, చెమ్మ తగలని చోట ఉంచవలెను.

తమ విధేయురాలు,
గుత్తుల సత్యదుర్గ
సర్పంచి, గుమ్మడిలంక

తా.క. అయ్యగారూ, పై సంతకం సరిపోలుతుంది. అది మా మావయ్య సంతకం, పెట్టింది నేను. మూడు శుక్రవారాలు ఖైతాన్ గదిలో కూర్చుని నేర్చుకున్నాను. మావయ్య వీడియోలో కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ దిద్దించారు: "ద పొట్ట ఇంకా లావుగా ఉండాలే. ర్గ చివర చేపతోకలాగ కొట్టెయ్." నాది జంతుశాస్త్రం కదా, చేపతోక తొందరగానే పట్టుబడింది. పాపాయమ్మ పిన్ని పక్కన కూర్చుని, నా పేరు నాకు రావడానికి ఇంత చదువు చదవాలా అని నవ్వింది. మినుములు ఏరడం ఆపకుండా, ఇది మాత్రం సరిగ్గా పెట్టవే, అంది.

నా సొంత సంతకం కూడా ఇక్కడ పెడదామనుకున్నాను. మళ్ళీ తేడా వస్తుందని మానేశాను. నన్ను స్వయంగా రమ్మని ఇంకోసారి రాయకండి. నేనంటే ఫోనులో హాజరైపోతాను. పడవ అలా హాజరు కాలేదండి.