ఈ ఏటి అడవి వాకిలి

అక్టోబరు 19, ఆదివారం

చెల్లెలు సుమాలి ఫోన్ చేసింది. పున్నమికి వస్తుందట. మొగుడూ వస్తాడట. కూతురు కేవ్తాని తమతో తీసుకెళ్లిపోతారట. ఈ మూడు ముక్కలూ ఒక్క ఊపిరిలో చెప్పేసి, అక్కా, వింటున్నావా అంది. వింటున్నాను అన్నాను. ఇంకేమంటాను?

పిల్లకి ఎనిమిది నెలలప్పుడు నా చేతుల్లో పెట్టి ఎక్కడో సముద్రం ఒడ్డున చోన్‌బురిలో ఫ్యాక్టరీ పనికి పోయింది. ఇప్పుడు పిల్లకి ఆరేళ్లు.

అక్టోబరు 20

పింగాణీ గిన్నె మీద కోడిపుంజుకి రెండు తోకలు గీశాను. పదిహేనేళ్లుగా రోజుకి రెండు వందల పుంజులు గీసే చెయ్యి ఇది. సూపర్వైజర్ కుర్రాడు గిన్నె అటూ ఇటూ తిప్పి, ఏం పిన్నీ, ఈ పుంజు డబుల్ ఇంజినా అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అక్టోబరు 23

అమ్మతో పోట్లాట. ఇన్నేళ్లు లేని ప్రేమ ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడిందే నీ కూతురికి అని అరిచాను. అమ్మ బియ్యం ఏరుతూనే, కన్నది అది, పెంచింది నువ్వు, ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్లే, నేనెవరి పక్కన నిలబడి చావను అంది. అని తువ్వాలుతో మొహం కప్పుకుంది.

కాగితాల్లో కూడా తల్లి సుమాలే. నేనెవర్ని? పెద్దమ్మని. పెద్దమ్మలకి సంతకం పెట్టే చోటు ఏ ఫారంలోనూ ఉండదు.

అక్టోబరు 25, శనివారం

కేవ్తాకి చెప్పాం. ఎగిరి గంతేసింది. నేననుకున్నది వేరు.

వెంటనే వాకిలి కడదాం పద అని నా చెయ్యి పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

తప్పు నాదే. చాంద్రమానం లెక్కన పన్నెండో నెల పున్నమికి ఊళ్లో అందరూ ఇంటి ముందు కొబ్బరి మట్టలతో కమానులా అడవి వాకిలి కడతారు. జాతక కథలోని వెస్సంతర రాజు అడవిలోంచి ఇంటికి తిరిగొచ్చినందుకు అది స్వాగతం. కానీ మా ఇంట్లో దానికి ఇంకో కథ అల్లాను. కేవ్తాకి మూడేళ్లప్పుడు, జ్వరంతో అమ్మ కావాలని ఒకటే ఏడుపు. ఊరుకో తల్లీ, ఈ వాకిలి మీ అమ్మ కోసమే, బాగా కడితే ఏదో ఒక రోజు ఇందులోంచే నడిచొస్తుంది అన్నాను. టక్కున ఊరుకుంది. మరుసటేడూ అదే చెప్పాను. ఆ పై ఏడూ. అప్పటికి గండం గడిస్తే చాలనుకున్నాను.

ఈ రోజు నాకే పాఠం చెప్పింది. చూశావా పెద్దమ్మా, నువ్వు చెప్పినట్టే వస్తోంది, పోయినేడు మరీ బుల్లిది కట్టాం, అందుకే రాలేదు, ఈసారి పెద్దది కట్టాలి, రోడ్డు మీంచి కనపడాలి అని.

అక్టోబరు 28

పక్కింటి ఇన్‌తా మామ చెరుకు గడలు, అరటి బోదెలు తెచ్చి పడేశాడు. అడక్కుండానే. ఊరంతా తెలిసినట్టుంది.

నవంబరు 1, శనివారం

పొద్దుటి నుంచి లాంతర్లు. అమ్మ వెదురు బద్దలు చీల్చింది, నేను వంచి దారం కట్టాను, కేవ్తా కాగితాలు అంటించింది. గంజి కాగితానికంటే దాని మోచేతికే ఎక్కువ అంటుకుంది. ఎరుపు నాలుగు, పసుపు మూడు. ఒకటి వంకరగా వచ్చింది. ఇదేంటే, తాగొచ్చిన మీ తాతలా నిలబడింది అని అమ్మ అంటే కేవ్తా పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మరిచిపోయి నవ్వాను.

తర్వాత అమ్మ వెస్సంతర రాజు కథ ఎత్తుకుంది. ఎవరేమడిగినా లేదనడు. ఏనుగునిచ్చాడు, రథమిచ్చాడు, ఒక ముసలాడొచ్చి అడిగితే పిల్లలిద్దర్నీ... అని నాలిక కరుచుకుంది. కేవ్తా వదుల్తుందా? పిల్లల్ని కూడానా అంది. తర్వాత తిరిగొచ్చేశార్లే అంది అమ్మ. మరి వాళ్లనడిగాడా అంది కేవ్తా. ఎవర్నే అని అమ్మ. పిల్లల్ని అమ్మమ్మా, పోతారా అని అడగాలి కదా అని ఇది.

అమ్మ నా వంక చూసింది. గంజి చల్లారిపోయింది, వేడి చేసుకొస్తానని గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయాను. పొయ్యి వెలిగించకుండా అక్కడే నిలబడ్డాను. కేవ్తాని అడిగితే పోతాననే అంటుంది. అది నాకు తెలుసు.

నన్ను అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

నవంబరు 3

ఎవరూ చదవరు కనక రాసుకుంటున్నాను. ఈ రోజు మట్టల ముడులన్నీ కావాలనే వదులుగా వేశాను. గాలికి కూలిపోతే బాగుండునని.

కూలితే ఏమౌతుంది? కేవ్తా ఏడుస్తుంది. సుమాలి పక్కనుంచి నడిచొస్తుంది. అంతే. బుద్ధి లేనిదాన్ని. మళ్లీ స్టూలెక్కి ఒక్కో ముడీ బిగించాను. వేళ్లు కోసుకుపోయాయి.

నవంబరు 4, ఉదయం

వాకిలి ఎత్తు దగ్గర పేచీ వచ్చింది. అమ్మ ఎంత పొడుగుంటుంది పెద్దమ్మా అని అడిగింది. నిజమే, దానికెలా తెలుస్తుంది? వీడియో కాల్‌లో మొహం ఒక్కటేగా కనపడేది. నా అంతే ఉంటుంది అన్నాను.

అయితే నువ్వు నిలబడు అంది.

నన్ను వాకిలి కింద నిలబెట్టి, రోడ్డు దాకా వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూసింది. లాంతరు తలకి తగులుతోంది, ఇంకొంచెం పైకి కట్టాలి అంది. ఇన్‌తా మామ పైకి కట్టాడు. మళ్లీ చూసింది. ఆఁ, సరిపోయింది, ఇంక నువ్వు పక్కకి రా అంది.

నవంబరు 5, పున్నమి

సాయంత్రం ఐదున్నరకి వచ్చారు. గోడ మీద మట్టి ప్రమిదలు అప్పుడే వెలిగిస్తున్నాం. పిల్ల బెదిరిపోయి నా వెనక దాక్కుంటుందనుకున్నాను. అనుకోవడమేంటి, కోరుకున్నాను. దేవుళ్లకి మొక్కుకున్నాను కూడా.

పరిగెత్తుకుంటూ పోయింది. చెప్పుల్లేకుండా. సుమాలి వాకిలి కిందే కూలబడి దాన్ని వాటేసుకుని గొల్లుమంది. కేవ్తా వాళ్లమ్మ భుజం మీంచి నా వంక చూసి, వచ్చేసింది పెద్దమ్మా, వచ్చేసింది అని కేకలు. కనపడుతోందే తల్లీ. కళ్లు పోయాయా నాకు.

తర్వాత సుమాలి నాకు దణ్ణం పెట్టి, బాగా చిక్కిపోయావే అక్కా అంది. మరిది మంచివాడు. పిల్ల మందుల చీటీ అడిగి మరీ ఫోటో తీసుకున్నాడు. ఏ పొగరుబోతో, తాగుబోతో అయ్యుంటే ఒక మాటన్నా అనేదాన్ని. ఆ భాగ్యం కూడా లేదు నాకు.

నవంబరు 6, ఉదయం 9

వెళ్లిపోయారు. కేవ్తా ఏడవలేదు. ముందు సీటా వెనక సీటా అన్నదే దాని గొడవ. ఒక్క చుక్క కన్నీటి కోసం కారు చుట్టూ తిరిగాను నేను. సంతోషంగా పోతోంది, నీకింకేం కావాలే అని అమ్మ కసిరింది.

ఏడవాలి. నాకది కావాలి.

నవంబరు 8

రెండు వందల పుంజులు. ఒక్కటీ తప్పు పోలేదు.

నవంబరు 10, సోమవారం

మూడున్నరకి, రోజూ కేవ్తాని తీసుకొచ్చే వేళకి, స్కూలు గేటు దగ్గరున్నాను. స్కూటర్ ఎలా తెచ్చానో తెలియదు. పిల్లలంతా వెళ్లిపోయారు. కొత్త టీచరమ్మ వచ్చి, మీ పాప పేరేంటండీ అని అడిగింది.

చెప్పాను.

మైకులో పిలిచింది. మూడుసార్లు పిలిచింది. నేను ఆపలేదు.