వైర్లకు కట్టిన కుట్టుదారాలు

అన్నయ్యా,

ముందు దగ్గినట్టు, ఆ వెంటనే గుర్రుమన్నట్టు వినిపించింది. మన డొక్కు కారులో పాతది తీసేసి నువ్వు బిగించిన వ్యాను ఇంజను ఈ ఉదయం నడిచింది. నువ్వప్పుడు బజారులో ఉన్నావు.

రేడియేటరు గొట్టం ఇంకా కారుతోంది. అది మార్చేదాకా తాళం తిప్పకు. వైర్లకు కట్టిన రంగుదారాలు మాత్రం విప్పకు. గుర్తు పెట్టుకోకుండా నువ్వు ఎడాపెడా కత్తిరించి, రెండు నెలలు తల పట్టుకుని కూర్చున్న వైర్లవి. నా కుట్టుపెట్టెలోని దారాలు కట్టి, ఏది దేనికో పోల్చుకుని కలిపింది నేను.

నిన్న నీ స్నేహితులు అడిగితే, "మా చెల్లా? టార్చి పట్టుకుంటుంది, అంతే" అన్నావు. వాళ్ళు నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను. 

కుట్టు దుకాణానికి వెళ్తున్నాను. సాయంత్రం టార్చికి ఇంకెవరినైనా చూసుకో.

మరిచాను: చప్పుడు విని ఎదురింటి మెకానిక్ బాబాయి పరుగున వచ్చాడు. "మొత్తానికి మీవాడు సాధించాడే! వైరింగు ఎవరి చేత చేయించాడమ్మా?" అన్నాడు. ఎప్పటిలా తల దించుకోలేదు. వీధంతా వినబడేలా నా పేరు చెప్పాను.