లయాన్ చెంప మీది నల్లచుక్క

హవల్లీ, కువైట్.
శనివారం.

వీసా దరఖాస్తులు పరిశీలించే అధికారి గారి సముఖమునకు, రాయచోటి వాస్తవ్యురాలు, ప్రస్తుతం హవల్లీలో ఒక పాలస్తీనా వారి ఇంట పనిమనిషి అయిన షేక్ మస్తాన్ బీ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాలుగేళ్ల లయాన్ అను పాలస్తీనా బాలిక గుండె ఆపరేషను నిమిత్తం హైదరాబాదు వెళ్లుటకు పెట్టిన వీసా దరఖాస్తులో, సదరు బాలిక చెంప మీద కనిపించి, మాయమై, మరల వేరొక చెంప మీద కనిపించిన పుట్టుమచ్చ గురించి.

తమరు తెలుగువారని ఎంబసీ గేటు దగ్గర విన్నాను. అందుకే ధైర్యం చేసి తెలుగులో రాస్తున్నాను. ధైర్యం అన్నది మాటవరసకే. మా నాయన రాయచోటి తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాసి మమ్మల్ని సాకినవాడు. అంకెలు వేసి రాస్తే ఆఫీసర్లకు విసుగు రాదనేవాడు. కనుక అంకెలు వేస్తున్నాను.

1. సదరు బాలిక గుండెలో పుట్టుకతోనే రంధ్రం ఉన్నది. నాలుగు మెట్లు ఎక్కితే పెదవులు నీలంగా మారతాయి. ఈ నెల పంతొమ్మిదిన ఆపరేషనుకు రమ్మని హైదరాబాదు డాక్టర్లు ఉత్తరం ఇచ్చియున్నారు. నకలు జతపరచడమైనది.

2. పిల్ల తండ్రి ఇక్కడ బడిలో లెక్కల మాస్టరు. వారిది గాజా అంటారు గానీ ఆయన పుట్టింది కువైట్‌లోనే, ఆ ఊరు కంటితో చూడలేదు. వారికి పాస్‌పోర్టు లేదు. వేరొక దేశం ఇచ్చిన ప్రయాణ పత్రం ఉన్నది. ఆ పత్రం ఇచ్చిన దేశంలో అడుగు పెట్టాలన్నా మళ్లీ ఆ దేశమే అనుమతి ఇవ్వాలట. నాకు అర్థం కాక మూడుసార్లు అడిగాను. మూడోసారి ఆయన నవ్వి, "మస్తాన్, నాకూ అర్థం కాలేదు" అన్నాడు. పిల్ల పత్రానికి ఇక మిగిలిన గడువు ఆరు నెలల అయిదు రోజులు. ఆరు నెలలకు తగ్గితే వీసా పడదు. కొత్త పత్రానికి దరఖాస్తు పెట్టి పదకొండు నెలలైంది, జవాబు లేదు. అంటే మా చేతిలో ఉన్నది అయిదు రోజులు.

3. ఇక నా నేరం. ఫోటో తీయించడానికి పిల్లను స్టూడియోకు తీసుకుపోయింది నేను. మామా, అంటే పిల్ల తల్లి, ఆ రోజు డ్యూటీలో ఉన్నది. కొత్త గౌను వేసి తల దువ్వితే పిల్ల మెరిసిపోయింది. నరుని కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ఇది అసలే చిల్లుపడిన గుండె. మా ఇళ్లలో చుక్క పెట్టకుండా ఏ పిల్లనూ గడప దాటించం. మేము నజర్ అంటాం, తమరి ఇంట దిష్టి అంటారు. ఎడమ చెంప మీద కాటుకతో చుక్క పెట్టాను. స్టూడియో వాడు అలాగే తీశాడు. ఇంట్లో వాళ్లు ఫోటో మీద మరక అనుకున్నారు. దరఖాస్తు టైపు చేసినవాడు మాత్రం మహా శ్రద్ధ గలవాడు. గుర్తింపు చిహ్నాల గడిలో "ఎడమ చెంపపై పుట్టుమచ్చ" అని కొట్టాడు.

4. బుధవారం నాడు కౌంటరు దగ్గర పిల్ల చెంప ఖాళీగా ఉన్నది. ఫోటోలో పిల్ల, ఈ పిల్ల ఒకరేనా అని అడిగి, ఫైలు పక్కన పెట్టి, మరునాడు రమ్మన్నారు. తమ వారి తప్పు ఏమీ లేదు.

5. అప్పుడే నేను నోరు తెరవవలసింది. ఇక్కడే మిష్రిఫ్ పేటలో పనిచేసే మా ఊరి దిల్షాద్ బీకి ఫోన్ చేశాను. "నోరు మూసుకోనుండు అక్కా! చెప్పినావంటే ఖలాస్, ఈడ ఉండే ఇఖామా కాగితం రద్దు చేసి ఇమానం ఎక్కిస్తారు" అనింది. భయంలో నా బుద్ధి గడ్డి తిన్నది. మచ్చ ఉంటే పని అయిపోతుంది కదా అని, గురువారం పొద్దున పిల్లను అద్దం ముందు కూర్చోబెట్టి, ఫోటో పక్కన పెట్టుకుని, మళ్లీ చుక్క పెట్టాను. అద్దంలో చూసి పెట్టినందున అది కుడి చెంపకు పడింది. బయలుదేరే హడావుడిలో ఇంట్లో వాళ్లు గమనించలేదు. తమ ఎదుటే తండ్రి బొటనవేలితో రుద్దితే చెంపంతా నల్లనైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. పిల్లను మార్చి తెచ్చారేమోనన్న అనుమానం ఉన్నది, విచారణ జరగాలి అని తమరు ఫైలు మూశారు. తండ్రి పిల్లను ఎత్తుకుని బయటికి నడిచాడు.

6. కారులో, "ఎవరు పెట్టారు?" అని తండ్రి అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. "అనా" అన్నది పిల్ల. అనా అంటే నేను. నా నేరం ఆ పసిది తన మీద వేసుకున్నది. ఏడిపించవద్దని డాక్టర్లు చెప్పినా, ఇంటికి చేరాక తల్లి తట్టుకోలేక కోప్పడింది. పిల్ల ఏడవలేదు. నా వైపు చూసింది.

ఏడో అంకె వేయను. భయంగా ఉంది, అయ్యా. పిల్ల పడుకుంటే గడియకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. నా దేశానికి పోవాలంటే నాకు టికెట్టు చాలు. నా చేతి కాటుక వల్ల ఈ పిల్ల పోలేకపోతే, ఏమైనా అయితే, నేను ఏ ముఖం పెట్టుకుని బతకాలి?

కావున ప్రార్థించునది ఏమనగా, చుక్క పెట్టిన చేయి నాదని ఫైలులో రాసుకోవలెను. ఇక్కడ ఆదివారం పనిదినమే గనుక, రేపు ఆఫీసు తెరవకముందే పిల్లను ముఖం కడిగి తీసుకువస్తాము. తమరే స్వయంగా చూడవచ్చును. ఏ శిక్ష వేసినా ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను. అది ఆపరేషను అయిన తరువాత వేయవలెను. హైదరాబాదు ఆసుపత్రిలో నర్సు చెప్పే మాట అరబ్బీలో వాళ్లకు చెప్పడానికి, వెంట పోయే నేను తప్ప ఎవరూ లేరు.

ఇంతకు మించి దాచినది లేదు, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ మస్తాన్ బీ

తా.క.: సంతకం పెడుతుండగా మామా వచ్చి ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పేశాను, అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. నేల మీద నా పక్కనే కూలబడింది. ఆమెకు తెలుగు అక్షరం రాదు, అయినా చాలాసేపు కాగితం వంక చూసింది. "యా మస్తాన్, ఆ ఆఫీసరుకు పిల్లలున్నారా?" అన్నది. "నాకేం తెలుసు మామా" అన్నాను. "అడుగు. అదీ రాయి" అన్నది.

ఉన్నారా, అయ్యా?