ఆకుపచ్చ పట్టుచీర కట్టుకోవద్దు

నాగరత్నా, ఈ వయసులోనూ నా అంత అందగాడు ఊర్లో లేడు. నిన్న సందెవేళ చేలో నిలబడితే నలభై రెక్కలపురుగులు నా తువ్వాలు చుట్టూ మూగినాయి.

ముందు పని విను. సాయంత్రం మీ చెల్లెలి మనవరాలి నిశ్చితార్థానికి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకోవద్దు. దాన్ని దండెం మీద ఆరవెయ్యి. ఎర్రది కట్టుకో, అందులోనే నువ్వు బాగుంటావు.

సంగతేమంటే, శెనక్కాయ చేలో లద్దెపురుగు రెక్కలపురుగులను పట్టేదానికి పెట్టే బుట్టల్లో కట్టే ఎరలు చల్లగా ఉంచమన్నారు. ఫ్రిజ్‌లో నువ్వు పెట్టనియ్యలేదు. అందుకని బీరువాలో ఆ చీర మడతలో దాచినాను. పొద్దున చూస్తే పొట్లం చినిగి ఉంది. ఆ ఎరకుండేది ఆడపురుగు వాసన. మన ముక్కుకు అందదు గానీ, మగ రెక్కలపురుగు తన మీసాలతో పసిగట్టి ఎంత దూరం నుంచైనా వస్తుంది. నిన్న ఒక ఎరను తువ్వాలు కొంగున కట్టుకున్నాను. కాబట్టి అందం నాది కాదు.

పక్కచేని మీరావలి చూసి, "ఏమన్నా, పెండ్లికొడుకులంతా నీ కాడికే వస్తాండారే!" అని ఒకటే నవ్వు. ఆ చీరతో పోతే పెండ్లికూతురి కంటే నీకే ఎక్కువ సంబంధాలు వస్తాయి. నేను ఒప్పుకోను.

మిగిలిన ఎరలు కట్టేదానికి, ఈ చీటీ పెట్టి చేనికి పోతున్నాను. సద్ది తీసుకున్నాను.

నలభై అన్నది నా కల్పన. వచ్చినవి మూడే. అందులో ఒకటి నా మొహం చూసి వెనక్కి పోయింది.